బ్రేకులో గాలి తీసిన ఆదివారం

మా వ్యాన్ బ్రేకులో గాలి ఎందుకు పోవడం లేదో తేల్చడానికి ఆ ఆదివారం మధ్యాహ్నం నేను ఒక కాగితం మీద ఏడు కారణాలు రాశాను. ఏడూ బండికి సంబంధించినవే. పెడల్ తొక్కుతున్న మనిషి ఆ కాగితం మీద లేడు.

నేను మెకానికల్‌లో డిప్లొమా చేశాను. శంకర్‌పల్లి వైపు ఒక ఫ్యాక్టరీలో, తయారైన పార్టులను కొలిచి పాసో ఫెయిలో చెప్పడం నా పని. కొలవకుండా దేన్నీ నమ్మొద్దని మొదటి రోజే చెప్పారు. మేం బాపు అని పిలిచే మా నాన్న మాటను మాత్రం నేను కొలవలేదు.

మా ఇల్లు చేవెళ్ల దాటాక పెద్ద రోడ్డు నుంచి కొంచెం లోపలికి ఉన్న ఊళ్లో. బాపు లారీ మీద క్లీనర్‌గా ఎక్కి, అదే లారీకి డ్రైవరై, నడుము పోయాక దిగి ఒక పాత వ్యాన్ తెచ్చుకున్నాడు. నాలుగేళ్లుగా ఆదివారం తప్ప రోజూ తెల్లవారుతుండగా మా ఊరి ఆడవాళ్లు ఆరుగురిని ఎక్కించుకుని మొయినాబాద్ అవతలి ఫామ్‌హౌసులకు తీసుకెళ్తున్నాడు. వాళ్లు అక్కడ పచ్చికలో కలుపు తీస్తారు, కుండీలు మారుస్తారు, శని ఆదివారాలు పార్టీలు జరిగిన చోట సోమవారం ఊడ్చి కడుగుతారు. అందుకే సోమవారం పోకపోతే కుదరదు. ఆ రోజు రాని మనిషి స్థానంలో మంగళవారానికి ఇంకొకరు ఉంటారు. బస్సు పెద్ద రోడ్డు మీదే దింపుతుంది. అక్కడి నుంచి మట్టి దారిలో నాలుగు కిలోమీటర్లు లోపలికి పోవాలి. ఆ లోపలిదాకా పొద్దున్నే వచ్చే బండి బాపుది ఒక్కటే.

శనివారం సాయంత్రం వ్యాన్ ఇంటికి వచ్చినప్పుడు పెడల్ సగం దాకా మెత్తగా దిగుతోందని బాపు చెప్పాడు. చూస్తే ఎడమ వెనక చక్రం లోపలివైపు తడిగా ఉంది. అక్కడి వీల్ సిలిండర్ కారుతోంది. చేవెళ్లలో మాకు తెలిసిన మెకానిక్ పెళ్లికి పోయి సోమవారం పది తర్వాతగానీ షెడ్డు తెరవనన్నాడు. ఆదివారం పొద్దున నేనే చేవెళ్ల వెళ్లి కొత్త సిలిండర్, బ్రేక్ ఆయిల్ డబ్బా తెచ్చాను. మెడికల్ షాపులో సెలైన్ ఎక్కించే పైపు ఒకటి అడిగి తీసుకున్నాను. అది సన్నగా, పారదర్శకంగా ఉంటుంది. గాలి బుడగలు వస్తున్నాయో లేదో దాంట్లో బాగా కనబడుతుంది.

డ్రమ్ములు విప్పినప్పుడు ఒక సంగతి గమనించాను. వెనక రెండు చక్రాల లైనింగులు ఉండాల్సినదానికంటే బాగా అరిగిపోయాయి. ముందు చక్రాల ప్యాడ్లు దాదాపు కొత్తవాటిలా ఉన్నాయి. మామూలుగా ముందువే ఎక్కువ అరగాలి. నోటు పుస్తకంలో రాసుకుని పక్కన "కారణం తెలియదు" అని పెట్టాను.

సిలిండర్ మార్చడం గంట పని. తర్వాతిదే అసలు పని. పైపు విప్పాక గాలి లోపలికి పోతుంది. ఆయిల్ నొక్కితే నొక్కుకుపోదు, గాలి నొక్కుకుపోతుంది. కాలితో పెట్టిన బలమంతా ఆ గాలిని నొక్కడానికే ఖర్చయి చక్రం దాకా చేరదు. ఆ గాలిని చక్రం వెనక ఉండే చిన్న నిపుల్ గుండా బయటికి పంపాలి. దానికి ఇద్దరు మనుషులు కావాలి, ఒకరు సీట్లో, ఒకరు చక్రం కింద.

లారీల కాలం నుంచి బాపుకు దీంట్లో ఒక పద్ధతి ఉంది. కింది మనిషి "కొట్టు" అంటే పైమనిషి పెడల్ మూడు నాలుగు సార్లు తొక్కుతాడు. "పట్టు" అంటే తొక్కిన కాలు అలాగే ఉంచి "పట్టిన" అని బదులిస్తాడు. ఆ మాట విన్నాకే కిందివాడు పానాతో నిపుల్ పావు చుట్టు వదులు చేస్తాడు. ఆయిల్‌తో పాటు గాలి బయటికి వస్తుంది, పెడల్ అడుగు దాకా దిగుతుంది. నిపుల్ బిగించి "ఇడువు" అన్నాకే కాలు తీయాలి. ముందే తీస్తే పోయిన గాలిని బండి మళ్లీ వెనక్కి పీల్చుకుంటుంది. కిందివాడికి పెడల్ కనబడదు, పైవాడికి నిపుల్ కనబడదు. ఇద్దరికీ మధ్య ఉన్నది ఆ ఒక్క మాటే.

బాపు చెప్పులు బయట విడిచి సీట్లో కూర్చున్నాడు. ఆయన ఏ బండీ చెప్పులతో తోలడు. కొత్తలో పూజ చేసిన బండిలోకి చెప్పుకాలు పెట్టకూడదని ఆయన లారీ యజమాని నేర్పాడట.

"డిప్లొమా చదివినోడు నేల మీద పండుకున్నడు, ఏడో తరగతి ఫెయిలైనోడు సీట్ల కూసున్నడు," అన్నాడు. "గిదే లోకమంటె."

"మాటలాపి కొట్టు, బాపూ."

"కొట్టిన."

"పట్టు."

"పట్టిన."

మొదటి పదిసార్లు బుడగలు బాగానే వచ్చాయి. ఇరవై దాటినా వస్తూనే ఉన్నాయి. ప్రతిసారీ ఇటుక మీద సుద్దతో ఒక గీత గీస్తున్నాను. ఇరవై మూడో గీత దగ్గర, నిపుల్ ఇంకా తెరిచి ఉండగానే, పైపులో బయటికి వస్తున్న ఆయిల్ ఆగి, జానెడు దూరం వెనక్కి వెళ్లిపోయింది.

"బాపూ, ఇడిచినవా?"

"ఎందుకు ఇడుస్తరా? పట్టే ఉన్న."

"ఆయిల్ ఎన్కకు పోయింది."

"గట్లయితే నీ నిపులే పీలుస్తున్నది. నా కాలు ముప్పై ఏండ్ల సంది గాలి తీస్తున్నది."

నిజమే. బాపు కాలిని అనుమానించాలన్న ఆలోచన కూడా నాకు రాలేదు. నలభై గీతలయ్యాయి. పెడల్ శనివారం కంటే మెత్తగా తయారైంది. అవ్వ బయటికి వచ్చింది. మేం అమ్మను అవ్వ అనే పిలుస్తాం.

"కొట్టు, పట్టు, ఇడువు. పొద్దటి సంది ఇదే పాట. అన్నం సల్లగైతున్నది," అంది.

"నీ కొడుకు గాలిని లెక్కబెడుతున్నడు. లెక్క అయినంక తింటం," అన్నాడు బాపు.

అప్పుడే నేను కాగితం తీసి కారణాలు రాశాను. నిపుల్ మర వదులై గాలి పీల్చడం, కొత్త సిలిండర్‌లోనే లోపం, ఇనుప పైపు జాయింటు, రబ్బరు హోస్‌లో పగులు, బ్రేక్ ఆయిల్ పోసే పైడబ్బా అడుగంటడం. ఇవి ఐదు. ఆరోది పెడల్ నొక్కే మాస్టర్ సిలిండర్ లోపలి వాషర్ పోవడం, ఏడోది అదే సిలిండర్ వెనక నుంచి, పెడల్ పైభాగంలో కారడం. మొదటి ఐదూ ఒక్కొక్కటిగా చూసి కొట్టేశాను. మూడున్నర అయింది. ఆరో ఏడో అయితే మాస్టర్ సిలిండర్ మార్చాలి. ఆదివారం సాయంత్రం అది ఎక్కడా దొరకదు. పొద్దున ఐదున్నరకు ఆరుగురు ఆడవాళ్లు టిఫిన్ డబ్బాలతో రోడ్డు మీద నిలబడి ఉంటారు.

"బాపూ, జర దిగు. పెడల్ మీద చూడాలె."

ఆయన దిగి నీళ్ల కుండ వైపు వెళ్లాడు. నేను ఫోన్ లైటు వేసి స్టీరింగ్ కింద తల దూర్చాను. పెడల్ రబ్బరు ఎప్పుడో ఊడిపోయింది. మిగిలిన ఇనుప రేకు అంచు మీద తడి ఉంది. కింద మ్యాట్ మీద కూడా తడి. నిజం చెప్పాలంటే నాకు సంతోషం వేసింది. ఏడోది దొరికిందనుకున్నాను. కారిన ద్రవం ఏదో చూపుతో నిర్ణయించకూడదు, రెండు వేళ్ల మధ్య రుద్దాలి. బ్రేక్ ఆయిల్ జారుతుంది, ఎంతసేపు రుద్దినా జారుతూనే ఉంటుంది. ఇది జారలేదు. వేళ్లు అంటుకున్నాయి. లైటు దగ్గరికి తెచ్చి చూస్తే ఎర్రగా ఉంది.

తల బయటికి తీశాను. వాకిట్లో సిమెంటు నేల మీద వ్యాన్ తలుపు దగ్గర నుంచి కుండ దాకా, అడుగు విడిచి అడుగు, కుడికాలి గుర్తులు ఎర్రగా పడి ఉన్నాయి. ఆ గుర్తుల చివర బాపు నిలబడి చెంబుతో నీళ్లు తాగుతున్నాడు.

"దొరికిందా?" అన్నాడు.

"బాపూ, నీ కాలు కోసుకున్నది."

"ఏ కాలు?"

ఆయన వంగి ముందు ఎడమకాలు చూసుకున్నాడు.

మంచం మీద కూర్చోబెట్టి అవ్వ కాలు కడిగింది. బొటనవేలి కింద, పెడల్ అంచు తగిలిన చోట, రెండంగుళాల కోత ఉంది. దాని పక్కన ఇంకొకటి ఉంది, పాతది. నల్లగా, చుట్టూ ఉబ్బి. అవ్వ వేలితో నొక్కితే చీము వచ్చింది. చీముతో పాటు విరిగిన తుమ్మముల్లు కొన ఒకటి వచ్చింది. అవ్వ దాన్ని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూసింది. ఆమె నొక్కుతున్నంతసేపూ బాపు నా వైపు చూస్తూ పెడల్ సంగతే అడుగుతున్నాడు.

"ఈ ముల్లు ఎన్నడు దిగింది?" అని అడిగాను.

"ఏ ముల్లు?"

"కాలు తెలుస్తలేదా నీకు?"

బాపు తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు.

"దసర సంది అనుకుంట. కుడి చెప్పు ఏడనో ఊడిపోయింది. ఒక్క చెప్పుతోని ఇంటికొచ్చిన. మీ అవ్వ చెప్పేదాక నాకు తెల్వలే."

"అప్పుడు నవ్వుకున్నం," అంది అవ్వ. "తాగి వచ్చినవా అని నేనే అడిగిన."

బాపుకు షుగర్ ఉంది. మాత్రలు గుర్తున్న రోజు వేసుకుంటాడు.

"మరి బండెట్ల తోలుతున్నవ్?"

"తొడకు తెలుస్తది. తొడ బలంతోని తోలుత. ఏమైతలేదు గదరా."

నేను లేచి వెళ్లి మళ్లీ మ్యాట్ చూశాను. ఈసారి ఆయిల్ కోసం కాదు. పెడల్‌కు ఎడమపక్కన, నేల మీద, మడమా వేళ్లూ స్పష్టంగా అచ్చుపడ్డాయి, ఒకదాని మీద ఒకటి చాలాసార్లు. నిపుల్ తెరవగానే పెడల్ కిందికి దిగుతుంది. దిగేటప్పుడు పాదం పక్కకు జారి నేల మీద పడింది. పెడల్ పైకి లేచి గాలి పీల్చుకుంది. ఆయన మాత్రం తొడ బిగించి నేలను తొక్కుతూ "పట్టిన" అన్నాడు. అబద్ధం చెప్పలేదు. గట్టిగా ఏదో తగిలింది, అది పెడలే అనుకున్నాడు.

అలా అయితే బండిలో ఏ లోపమూ లేదన్నమాట. దాన్ని కూడా తేల్చుకోవాల్సిందే. అవ్వను సీట్లో కూర్చోమన్నాను.

"నాకేం తెల్సురా దాని సంగతి? నేను సైకిలే తొక్కలే."

"నడుమ ఉన్నదాన్ని తొక్కు. నేను ఇడువు అనేదాక తియ్యకు. గంతే."

మంచం మీద నుంచి బాపు చెప్పాడు, "మడమ కింద ఆనియ్యకు. తొడ బలం పెట్టు. వాడు తిడుతడు, పట్టించుకోకు."

"పట్టిన," అంది అవ్వ.

పదకొండు గీతలకు ఎడమ వెనక చక్రంలో గాలి పోయింది. మిగతా మూడు చక్రాలు కూడా చూసేసరికి ఇంకో అరగంట. ఆయిల్ ఒక్కసారి కూడా వెనక్కి పోలేదు. పెడల్ తొక్కితే రెండు అంగుళాలు దిగి రాయిలా ఆగింది. పొద్దున్నుంచి నేను కోరుకున్నది అదే. కాగితం మీద మిగిలిన ఆరూ ఏడూ కొట్టేశాను.

"పోయిందా గాలి?" అన్నాడు బాపు.

"పోయింది."

"మంచిగైంది," అని గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

దవాఖానకు ఆ సాయంత్రమే పోదామంటే ఒప్పుకోలేదు. "రేపు ఆళ్లను దించినంక మొయినాబాద్‌లనే చూపిస్త," అన్నాడు. తాళంచెవి నా జేబులో పెట్టుకున్నాను. ఆయన చూశాడు. సోమవారం నేను ఫ్యాక్టరీకి ఫోన్ చేసి ఆలస్యమవుతుందని చెప్పి వ్యాన్ తీశాను. బాపు చివరి సీట్లో, కాలికి గుడ్డ చుట్టుకుని కూర్చున్నాడు. ఆ సీట్లో ఆయన్ని నేను అంతకుముందు చూడలేదు.

ఆడవాళ్లు ఎక్కారు. నా పక్క సీట్లో ఎప్పుడూ కూర్చునే ఆమె కూర్చుంది. బాపును అన్నా అంటుంది కాబట్టి నాకు అత్త.

"ఇయ్యాల కొత్త డ్రైవరా?" అంది. "బెల్టు పెట్టుకోవాల్నా, దేవునికి మొక్కాల్నా?"

"రెండు చెయ్యి అత్తా," అన్నాను.

మొయినాబాద్ దాటి మట్టి దారిలోకి తిరిగేచోట ఒక ఎత్తైన స్పీడ్ బ్రేకర్ ఉంది. బ్రేక్ తొక్కాను. బండి ఆగిపోయింది. అదే క్షణంలో నా ఎడమ మోకాలి పక్కన ఏదో కదిలింది. అత్త చెయ్యి హ్యాండ్‌బ్రేక్ పిడి మీద ఉంది, సగం పైకి గుంజి ఉంది.

ఆమె కూడా తన చేతినే చూసుకుంది.

"అలవాటైంది అల్లుడా," అని మెల్లగా వదిలింది.

వెనక నుంచి ఒకామె నవ్వింది. "మా అక్కకు లైసెన్సు ఇప్పియ్యాలె. సగం బండి ఆమెనే తోలింది."

"నువ్వు నోర్మూసుకో," అంది అత్త.

అద్దంలో చూశాను. బాపు కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

"ఎప్పటి సంది, అత్తా?"

"చలికాలం సంది. అన్న ఒకనాడు చెప్పిండు. నేను 'చెల్లే' అంటె నువ్వు గుంజు అన్నడు. గుంజుతున్న."

"నాకెందుకు చెప్పలే?"

"చెప్తె బండి ఆపుతవు గద."

ఆమె దాన్ని తప్పు ఒప్పుకున్నట్టుగా చెప్పలేదు. అందరికీ తెలిసిన సంగతి చెప్పినట్టు చెప్పింది.

"అందరం మాట్లాడుకున్నం. అన్న స్పీడు ముప్పై దాటడు. నా చెయ్యి ఉన్నది. ఒక్కపారి గేటుకు తాకింది, గాడ మనుషులెవ్వరు లేకుండె. గంతే. ఏం ఫికర్ లేకుండె."

వెనక లైనింగులు ఎందుకు అరిగాయో, ముందువి ఎందుకు అరగలేదో నాకు అప్పుడు అర్థమైంది. హ్యాండ్‌బ్రేక్ వెనక చక్రాలనే పడుతుంది. ఆరు నెలలుగా ఈ బండి ఒక మనిషి పిలుపుతో, ఇంకో మనిషి చేతితో ఆగుతోంది. పిలిచాక ఆమె వినాలి, విని గుంజాలి. ముప్పైలో పోయే బండి ఆ లోపల ఎన్ని అడుగులు పోతుందో లెక్క కట్టడం నాకు వచ్చు. స్టీరింగ్ పట్టుకుని కట్టాను. వాళ్లను గేటు దగ్గర దించి బండిని మొయినాబాద్ వైపు తిప్పాను.

మొయినాబాద్ దవాఖానలో డాక్టర్ పాదం తిప్పి చూసి, పుండు ఎన్నాళ్లదని అడిగాడు. బాపు నా వైపు చూశాడు. తెలియదన్నాను. డాక్టర్ అక్కడ పని కాదని హైదరాబాద్ పంపించాడు. వాళ్లు రెండు రోజులు మందులు ఎక్కించి చూసి, బొటనవేలూ దాని పక్కదీ తీసేశారు. ఇంకా ఆలస్యమైతే మడమ దాకా పోయేదని చెప్పారు. ఆపరేషన్ తర్వాత నొప్పి ఉందా అని నర్సు గంటకోసారి అడిగేది. లేదని చెప్పినప్పుడల్లా బాపు సిగ్గుపడేవాడు.

బాపు దవాఖానలో ఉన్న మూడు వారాలు పొద్దున పూట బండి నేనే తోలాను. ఆడవాళ్లను దించి, వెనక్కి వచ్చి, శంకర్‌పల్లి చేరేసరికి రోజూ నలభై నిమిషాలు ఆలస్యం. మూడో వారం చివర్లో మా సూపర్‌వైజర్ పిలిచి, వచ్చే నెల నుంచి పొద్దున షిఫ్టు మొదలవుతుందని, దానికి సమయానికి రాలేకపోతే ఇప్పుడే చెప్పమని అన్నాడు. కోపంగా కాదు, మామూలుగానే అన్నాడు. నేను వచ్చే శనివారం దాకా గడువు అడిగాను. దారిలో ఒకసారి నాకు అనిపించింది, బాపు మెల్లగానే తోలతాడు కదా, అత్త చెయ్యి ఉంది కదా అని. ఆ ఆలోచన నాకు వచ్చిందని రాయకపోతే ఈ వ్రాత అబద్ధమవుతుంది.

బాపు ఇంటికి వచ్చిన మూడో రోజు, మంగళవారం సాయంత్రం, అత్త మా ఇంటికి వచ్చింది. అవ్వ టీ ఇచ్చింది.

"వదినె, అన్నను జర కూసోబెట్టు బండ్ల. స్టీరింగ్ పట్టుకొని ఊకె కూసుంటె చాలు. మిగిలింది నేను చూసుకుంట," అంది అత్త.

"ఇంకొన్ని దినాలైతె కాలు కుదురుకుంటది," అన్నాడు బాపు. "చెల్లె పక్కకుంటది గద. ఇన్ని రోజులు ఏమైంది?"

ముగ్గురూ నా వైపు చూశారు. తాళంచెవి నా దగ్గరే ఉంది.

"వాకిట్లనే చూద్దాం," అన్నాను.

చక్రాలకు ముందూ వెనకా రాళ్లు పెట్టాను. ఇంజన్ స్టార్ట్ చేయలేదు. బాపు, కట్టు మీద గుడ్డ చుట్టుకుని, సీట్లో కూర్చున్నాడు. అత్త పక్క సీట్లో కూర్చుని, నేను చెప్పినట్టు చేతులు ఒళ్లో పెట్టుకుంది. నేను తెరిచిన తలుపు దగ్గర కింద కూర్చుని పాదం మీద లైటు వేశాను. పదిసార్లు "బ్రేక్" అంటానని, కిందికి చూడకుండా ఎదురుగా గోడను చూస్తూ తొక్కాలని, ప్రతిసారీ కాలు మళ్లీ ఎక్సలేటర్ మీదికి తేవాలని చెప్పాను. ఒక్కోసారి వెంటనే పిలిచాను, ఒక్కోసారి నిమిషం ఆగి పిలిచాను. పిలిచిన ప్రతిసారీ కాగితం మీద ఒక గుర్తు పెట్టాను. అత్త పెదాలు కదుపుతూ లెక్కపెట్టుకుంటోంది.

"అయినయి," అన్నాను.

"ఎన్ని?"

"ఏడు తాకినయి."

"ఏడంటె పాసే గదరా," అన్నాడు బాపు.

"ఏడంటె శానా ఎక్కువ అన్నా," అంది అత్త.

నేను కాగితం ఆయన చేతికిచ్చాను. ఆయన కళ్లజోడు తెప్పించుకుని చదివాడు. నాలుగో దగ్గరా ఆరో దగ్గరా "నేల" అని రాసి ఉంది. తొమ్మిదో దాని మీద వేలు పెట్టాడు.

"ఇదేం రాసినవ్?"

"ఎక్సలేటర్. కాలు లేవలే, బాపూ. ఎక్సలేటరే తొక్కినవ్."

ఆయన కాగితాన్ని కొంచెం దూరం పెట్టి, మళ్లీ దగ్గరికి తెచ్చి చూశాడు.

"తొమ్మిదోదా?"

"తొమ్మిదోదే."

"అన్నిట్ల కంటె గదే గట్టిగ తొక్కిన," అన్నాడు. "గది మంచిగ పడిందనుకున్న."

తర్వాత ఆయన కళ్లజోడు తీసి జేబులో పెట్టుకున్నాడు.

"చెల్లే, ఎక్సలేటర్ తొక్కితె నీ చెయ్యి ఆపదు. ఏరే బండి చూసుకోండ్రి."

"గంత లోపలికి ఎవరొస్తరన్నా?"

బాపు రెండు చేతులతో కుడి మోకాలు కింద పట్టుకుని, కాలిని ఎత్తి, తలుపు బయటికి పెట్టాడు. అవ్వ వచ్చి భుజం ఇచ్చింది. దిగుతున్నప్పుడు కట్టు తలుపు అంచుకు గట్టిగా తగిలింది. అవ్వా నేనూ ఉలిక్కిపడ్డాం. ఆయనకు తెలియలేదు.

అత్త అవతలి పక్క నుంచి దిగి వచ్చింది.

"అల్లుడా, నువ్వు ఎన్నాళ్లు వస్తవ్?"

"శనివారం దాక, అత్తా."

ఆమె వేళ్ల మీద బుధవారం నుంచి లెక్కపెట్టుకుంది.

"నాలుగు దినాలున్నయన్నట్టు," అని, కొంగు సర్దుకుని, మిగతా ఐదుగురికి చెప్పడానికి వెళ్లింది.